ఏడు దాటితే ఇంకో నెల

ఆ సోమవారం పొద్దున దర్జీ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి గడ్డం గీసుకోవాలి. పదింటికి స్కేలు గదిలో కూర్చోవాలి. పదకొండింటికి భార్య వస్తుంది. పన్నెండు కల్లా ఆసుపత్రి గేటు దాటెయ్యాలి. మానసిక వైద్యశాలలో రెండు నెలలు గడిపిన మనిషికి ఇంతకన్నా పెద్ద కోరికలు ఉండవు.

మధ్యలో ఉన్న చిక్కల్లా ఆ స్కేలు గదే. అక్కడ పదిహేడు ప్రశ్నలు అడిగి, ఒక్కో జవాబుకి సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేస్తారు. బడిలో మార్కులు ఎక్కువ వస్తే మిఠాయి పెడతారు, ఇక్కడ ఎక్కువ వస్తే మాత్ర పెడతారు. ఏడు లోపు వస్తే ఇంటికి. ఏడు దాటితే ఇంకో నెల ఇక్కడే, ఎందుకంటే స్కేలు నెలకి ఒక్కసారే పెడతారు. ముప్పై దాటిందా, ఇంటి సంగతి దేవుడెరుగు, బయటి వైపు గడియ ఉన్న లోపలి వార్డుకి మారుస్తారు.

దర్జీకి నెల ఆగే వీలు లేదు. అతను లేని రెండు నెలలూ కొట్టు బావమరిది చేతిలో ఉంది. బావమరిది మంచివాడే, కత్తెర పట్టుకోనంత సేపూ. ఆ మహానుభావుడు అగ్నిమాపక దళం వారి దగ్గర నలభై ప్యాంట్లు ఒప్పుకున్నాడు. గుడ్డ వచ్చేసింది. మంగళవారం పొద్దున కత్తిరింపు. అంతకుముందు అతను కుట్టిన చొక్కాకి రెండు చేతులూ ఎడమవే వచ్చాయి. ఇక నలభై మంది నిచ్చెనలెక్కి మంటలార్పుతుండగా ఆ కుట్లు ఏ క్షణాన ఏం చేస్తాయో తలుచుకుంటే దర్జీకి ముచ్చెమటలు పోస్తున్నాయి. పాతికేళ్ళ పేరు నిచ్చెన మీద, నలుగురూ చూస్తుండగా పోతుంది.

పక్క మంచం మాస్టారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. స్కేలు నాలుగుసార్లు రాసిన అనుభవం ఉంది. గడ్డం గీసుకుంటున్న దర్జీ వెనకాల నిలబడి ఆయన హితబోధ చేశాడు.

"అన్నిటికీ బాగుంది, బాగుంది అన్నావనుకో, లోపల ఏదో దాస్తున్నాడని రాస్తారు. పోయిన నెల నేనలాగే దెబ్బతిన్నాను. నువ్వు నోరు విప్పి కలుపుగోలుగా మాట్లాడు. మనిషి మామూలు మనిషేనని తెలియాలి."

"దానికేం మాస్టారూ. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు."

ఈ మాట అనగలగడమే ఒక అద్భుతం. రెండు నెలల క్రితం ఇక్కడికి తీసుకొచ్చిన రోజు దర్జీ నోట ఒకటే మాట, 'ఏమో'. అంతకుముందు మూడు వారాలు సూదిలో దారం ఎక్కించి, ఆ దారం వంకే చూస్తూ కూర్చున్నాడు. ఎందుకలా అయిందో అతనికీ తెలియదు. మందులు పనిచేశాయో, మాస్టారి సొద పనిచేసిందో కానీ, నెల తిరిగేసరికి ఆకలి వచ్చింది, నిద్ర వచ్చింది, చివరికి మాట కూడా వచ్చింది. మాటతోపాటు సామెతలూ నానుడులూ బిలబిలమంటూ వచ్చేశాయి.

స్కేలు గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, వరండాలోకి ఒక కిటికీ, బల్ల మీద ఎర్ర దీపం వెలిగే చిన్న రికార్డు యంత్రం. దాని వెనకాల కళ్ళ కింద నల్లటి చారలతో ఒక అమ్మాయి. వార్డంతా ఆమెను స్కేలమ్మ అంటారు. ఆమెకు ముందు ఈ పని చేసినాయన జాలిగుండె మనిషి. ఎవరేం చెప్పినా 'పాపం, బాగానే ఉన్నాడు' అంటూ సున్నాలు చుట్టి ఇళ్ళకు పంపేవాడు. పైవాళ్ళు కన్నెర్ర చేసి, ఆయన్ని సాగనంపి, ఈ అమ్మాయిని, ఆమెతోపాటు ఇటుకంత నిబంధనల పుస్తకాన్ని పంపారు. మొదటి నిబంధన, రోగి అన్న మాట అన్నట్టే రాయాలి, సొంత అర్థం తీయకూడదు.

"కూర్చోండి టైలరు గారూ. మనసెలా ఉంటోంది?"

"దూదిపింజలా ఉందమ్మా! ఇంటికెళ్ళొచ్చని పెద్ద డాక్టరు గారు అన్నప్పట్నుంచీ గాల్లో తేలిపోతున్నాను. కాలు నేల మీద నిలవట్లేదు."

"ఎన్ని రోజులుగా తేలుతున్నారు?"

"శనివారం నుంచీ."

స్కేలమ్మ రాసుకుంది. 'శనివారము నుండి గాలిలో తేలుచున్నాడు. కాళ్ళు నేలకు ఆనుట లేదు.' పక్కన మూడు వేసింది.

"ఆకలి?"

దర్జీ మొహం వెలిగిపోయింది. "అది అడుగమ్మా! వచ్చిన కొత్తలో మెతుకు సహించేది కాదు. ఇప్పుడు చూడు, పదయ్యేసరికి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి."

"ఎన్ని?"

"ఏవి?"

"ఎలుకలండీ. సంఖ్య రాయమని ఉంది."

పిల్ల భలే హాస్యమాడుతోందనుకుని దర్జీ పకపకా నవ్వాడు. "ఓ మూడో నాలుగో ఉంటాయి రాసుకో!"

'ఉదరమున ఎలుకలు గలవు. మూడు లేక నాలుగు. చెప్పునపుడు నవ్వుచున్నాడు.' ఈసారి నాలుగు పడింది.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"చచ్చినట్టు వేసుకుంటున్నానమ్మా."

పెన్సిలు ఆగిపోయింది. స్కేలమ్మ సొరుగులోంచి ఒక పసుప్పచ్చ కాగితం తీసింది. "చావు మాట వస్తే అనుబంధ పత్రం నింపాలండీ."

"అయ్యో రామ! చచ్చినట్టు అంటే చావడం కాదు తల్లీ. వేరే దారి లేక అని."

'వేరే దారి లేదనుచున్నాడు' అని రాసి ఆమె దాని కింద రెండు గీతలు గీసింది.

ఇది హాస్యం కాదని దర్జీకి అప్పుడు తట్టింది. కాగితం మీదికి వంగి చూశాడు. ఏడు ఎప్పుడో దాటిపోయింది.

"అమ్మా, ఇవన్నీ మాటవరసకి అనేవని నీకు తెలియదా?"

ఆమె గొంతు తగ్గించింది. "తెలుసండీ. మా నాన్న కడుపులోనూ పూటపూటా ఎలుకలే. కానీ ఇక్కడ అర్థం చేసుకోకూడదు, రాయాలి. మూడుసార్లు తప్పు పట్టారంటే నా ఉద్యోగం పోతుంది. ఇప్పటికి రెండుసార్లు పట్టారు." ఎర్ర దీపం వైపు ఒకసారి చూసి మళ్ళీ మామూలు గొంతుతో అడిగింది, "ఎవరైనా మీకు హాని తలపెడుతున్నారని అనిపిస్తోందా?"

దర్జీ నీళ్ళు నమిలాడు. అదృష్టం కొద్దీ ఆ ముక్క అన్నది మనం, అతను కాదు. లేకపోతే ఎన్ని గ్లాసులు నమిలాడని ఇంకో కాగితం లేచేది. ఇకమీదట అచ్చంగా ఉన్న సంగతే చెప్పాలని అతను ఒట్టు పెట్టుకున్నాడు.

"లేదు. ఎవరూ లేరు."

"మరి ఎందుకలా చెమటలు పడుతున్నాయి? దాచకండి."

దాచడం అన్న మాట వినగానే దర్జీకి మాస్టారి హెచ్చరిక గుర్తొచ్చింది. ఒట్టు కాస్తా గట్టెక్కకుండానే మునిగింది. "మా బావమరిది కొంప ముంచుతాడేమోనని భయం అంతే!"

"ఏ నీళ్ళతో ముంచుతాడు?"

"నీళ్ళతో కాదమ్మా, ప్యాంట్లతో! ఫైరింజను వాళ్ళవి, నలభై! రేపు పొద్దున నేను అక్కడ లేకపోతే నలభై మంది మానం గంగలో కలుస్తుంది!"

స్కేలమ్మ పాపం చాలా సేపు రాసింది. 'ప్యాంట్లతో ఇల్లు ముంచబడునని భయము. నలుబది మంది అగ్నిమాపక సిబ్బంది మానము తన చేతిలో ఉన్నదని దృఢముగా నమ్ముచున్నాడు.' భయానికి నాలుగు, నమ్మకానికి నాలుగు. పదిహేడో ప్రశ్న అయ్యేసరికి మొత్తం ముప్పై ఒకటి తేలింది. అంటే ఇల్లూ లేదు, పాత మంచమూ లేదు, గడియ పెట్టిన వార్డు. దర్జీకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్క దారుంది," అంది స్కేలమ్మ పుస్తకం తిరగేసి. ఆమెకూ బాధగానే ఉంది. "దగ్గరి బంధువు వచ్చి సాక్ష్యం చెబితే మార్కులు తగ్గించొచ్చు."

దగ్గరి బంధువు అప్పుడే ఇస్త్రీ చొక్కా సంచిలో పెట్టుకుని వరండాలోకి వస్తోంది. దర్జీ కిటికీలోంచి చేతులు జోడించి, "జాగ్రత్తగా మాట్లాడవే," అన్నాడు. భార్యని జాగ్రత్తగా మాట్లాడమంటే ఏమవుతుందో పెళ్ళైన ప్రతివాడికీ తెలుసు. మొగుడికి మంచి పేరు తేవాలని ఆవిడ కొంగు బిగించి కుర్చీలో కూర్చుంది.

"ఈయన గురించి చెప్పాలంటే అమ్మా, నోట్లో నాలుక లేని మనిషి."

స్కేలమ్మ చిన్న టార్చి తీసింది. "నోరు తెరవండి టైలరు గారూ." లోపలికి చూసి రాసింది, 'నాలుక కలదు. భార్య లేదనుచున్నది.' తర్వాత ఆవిడ వైపు తిరిగింది. "ఈ సంగతి మీరు ఎప్పుడు గమనించారు?"

"పెళ్ళైన రోజే గమనించాను."

"మీరెలా ఉంటున్నారు?"

అంత ఆప్యాయంగా అడిగినవాళ్ళు ఈ రెండు నెలల్లో ఎవరూ లేరు. ఆవిడకి దుఃఖం పొంగుకొచ్చింది. "ఎలా ఉంటానమ్మా? ఈయన్ని ఇక్కడ దింపిన రోజు నుంచీ సగం ప్రాణం ఇక్కడే వదిలేసి తిరుగుతున్నాను. ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటున్నాను."

స్కేలమ్మ కొత్త ఫారం తీసి ఆవిడ పేర మొదలుపెట్టింది. పావుగంటలో భార్యకి పద్దెనిమిది వచ్చాయి. సాక్ష్యం బెడిసికొట్టినందుకు భర్తకి మరో ఏడు కలిసి ముప్పై ఎనిమిదయ్యాయి.

"రెండు మంచాలు పక్కపక్కన దొరుకుతాయేమో కనుక్కుంటానండీ," అంది స్కేలమ్మ నిజంగానే సాయం చేసే ఉద్దేశంతో.

వరండాలో చెవి పెట్టి వింటున్న మాస్టారు ఇక ఆగలేకపోయాడు. తలుపు తోసుకుని వచ్చాడు. "ఇదేం అన్యాయం అమ్మాయ్! బంగారంలాంటి సంసారాన్ని పట్టుకుని పిచ్చాసుపత్రి చేస్తావా? నాకు వింటుంటే బుర్ర వేడెక్కిపోతోంది! ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకుతున్నాయి!"

"మాస్టారూ, మీరు నోరు ముయ్యండి!" అని దర్జీ అరిచేలోపే మూడో ఫారం బల్ల మీదికి వచ్చేసింది. తేళ్ళెన్ని, జెర్రులెన్ని అని రెండు వేర్వేరు గడులు ఉన్నాయి. మాస్టారు లెక్కల మనిషి కాబట్టి నోట్లో అంకె రాబోయింది కూడా. దర్జీ వెళ్ళి ఆయన నోరు చేత్తో మూశాడు.

స్కేలమ్మ చేతిలో పెన్సిలు టప్పున విరిగింది. ఆమె విరిగిన ముక్కల్ని చూసింది, బల్ల మీద ఉన్న మూడు ఫారాల్నీ, నాలుగు అనుబంధ పత్రాల్నీ చూసింది. ఒక్కొక్కదానికి మూడేసి నకళ్ళు రాయాలి. తల బల్ల మీద వాల్చి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

దర్జీ మాస్టారి నోరు వదిలేశాడు. పాతికేళ్ళుగా అద్దం ముందు నిలబడి, సరిపడని బట్టల్లో కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళని ఎందరినో చూశాడు. అప్పుడు తొందరపడకూడదని అతనికి తెలుసు. గ్లాసులో నీళ్ళు పోసి ఆమె చేతికిచ్చాడు. సామెతలు మాత్రం భయానికి ఎక్కడివక్కడే దాక్కున్నాయి. నోటికి వచ్చినవి ఇప్పుడే విన్న ప్రశ్నలు.

"మనసెలా ఉంటోంది తల్లీ?"

"ఏం బాగాలేదండీ."

"నిద్ర పడుతోందా?"

"లేదు. కళ్ళు మూసుకుంటే అంకెలు కనపడుతున్నాయి."

"పొద్దున ఏమైనా తిన్నావా?"

"గుర్తులేదు."

"ఎవరైనా హాని తలపెడుతున్నారని అనిపిస్తోందా?"

"ఎక్కడో కూర్చుని ఒకాయన నా ప్రతి మాటా వింటాడండీ. నేనేం రాసినా తప్పు పడతాడు. ఆ ఎర్ర దీపం నన్నే చూస్తుంటుంది. ఆరు నెలలుగా సెలవు అడుగుతుంటే వచ్చే నెల, వచ్చే నెల అంటున్నారు."

దర్జీ ఆమె మాటకి అడ్డురాలేదు, నవ్వలేదు, సలహాలు ఇవ్వలేదు. ఒకటి తర్వాత ఒకటి అడిగాడు. చెప్పింది విని తలూపాడు. భార్య ఆమె వీపు నిమిరింది. మాస్టారు కూడా మూలన కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు. చివరికి దర్జీ అన్నాడు, "నువ్వు పిచ్చిదానివి కాదమ్మా. అలిసిపోయావు. నేనూ మొదట్లో అలాగే అలిసిపోయాను, ఎవరికీ చెప్పలేకపోయాను. నువ్వు చెప్పగలుగుతున్నావు, అది చాలు. నెల రోజులు ఇంటి దగ్గర పడుకుంటే సర్దుకుంటుంది."

స్కేలమ్మ కళ్ళు తుడుచుకుంది. చాలా రోజుల తర్వాత గుండె బరువు దిగినట్టుంది. అలవాటుగా చెయ్యి చాచి యంత్రం మీట నొక్కింది. ఎర్ర దీపం ఆరిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, మీట నొక్కగానే రికార్డు దానంతటదే సరిచూసే పెద్దాయనకి వెళ్ళిపోతుందని.

ఆ పెద్దాయన వేరే ఊళ్ళో, ప్రధాన కార్యాలయంలో ఉంటాడు. మనిషిని బట్టి మార్కు మారకూడదని ఆయనకి ఎవరి పేరూ చెప్పరు, ఎవరు రోగో ఎవరు ఉద్యోగో కూడా చెప్పరు. గొంతులు విని ఆయనే తేల్చుకుంటాడు. పైగా చివరి పావుగంట మాత్రమే వింటాడు. మొదట్లో అంతా మొహమాటమేననీ, అసలు మనిషి ఆఖర్లోనే బయటపడతాడనీ ఆయన సిద్ధాంతం. ఆయన వేసిన మార్కే ఖాయం.

మూడింటికి పెద్ద డాక్టరు వాళ్ళందరినీ తన గదికి పిలిపించాడు. ఆయన ముందు మూడు కాగితాలున్నాయి.

"ఇది మీరు వచ్చిన రోజుది," అన్నాడు దర్జీతో. "పన్నెండు. ఆ రోజు దాదాపు అన్నిటికీ ఏమో అన్నారు. 'ఏమో'కి పుస్తకంలో మార్కు లేదు. ఇది ఇవాళ్టిది, ముప్పై ఎనిమిది. ఈ లెక్కన మా ఆసుపత్రి గడప తొక్కకుండా ఉంటేనే జనం బాగుపడతారు."

దర్జీ తడబడలేదు. "డాక్టరు గారూ, వచ్చిన రోజు నాకు ఆకలి లేదు, దాన్ని చెప్పడానికి మాట కూడా లేదు. ఇవాళ ఆకలేసింది, సంతోషం పట్టలేక ఎక్కువగా వాగాను. బాగుపడ్డానని చెప్పడానికి నా దగ్గర ఇంకో రుజువు లేదు. నన్ను ఇంటికి పంపండి."

"నాకు తెలుసయ్యా," అన్నాడు డాక్టరు నిట్టూర్చి. "నాకు తెలిసినదానికీ పుస్తకంలో మార్కు లేదు." ఆయన మూడో కాగితం తీశాడు. "ఇది సరిచూసే పెద్దాయన పంపింది. వినండి. 'రోగి యువతి. మార్కులు ఇరవై తొమ్మిది. తీవ్రమైన అలసట. వెంటనే నెల రోజుల విశ్రాంతి తప్పనిసరి. ప్రశ్నలు అడిగిన పురుషుడు స్థిరచిత్తుడు, నిదానస్థుడు, ప్రతి మాటా తూచి పలుకుతాడు. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత శ్రద్ధగా అడిగినవారిని వినలేదు. అభినందనలు తెలియజేయండి.'"

మాస్టారు వేళ్ళ మీద ఆ ఇరవై తొమ్మిదిని కూడి చూసుకుని, "ఒప్పే," అన్నాడు.

"ఇది తప్పని తిరిగి రాస్తే ఏమవుతుంది?" అని దర్జీ భార్య భయంభయంగా అడిగింది.

"మళ్ళీ స్కేలు పెట్టమంటారు. వచ్చే నెల."

అందరూ స్కేలమ్మ వైపు చూశారు. ఆమె కడుక్కున్న మొహంతో, నిటారుగా నిలబడి ఉంది. "పైవారి మాట తిరగరాసే అధికారం మనకు లేదు డాక్టరు గారూ. పైగా రోగి నింపిన ఫారాలు చెల్లవు. పొద్దుటి నుంచీ నేను నింపినవన్నీ రద్దు." ఆ చెప్పడంలో ఆరు నెలలుగా అడిగిన సెలవు దొరికిన తృప్తి కనబడింది. డాక్టరు మూడు ఫారాల్నీ, నాలుగు పసుప్పచ్చ కాగితాల్నీ చింపి బుట్టలో వేశాడు. భార్య పద్దెనిమిది, మాస్టారి తేళ్ళూ జెర్రులూ దాంతోనే పోయాయి. పైవారే స్థిరచిత్తుడన్న దర్జీని ఇక ఆపే మార్కు ఏదీ మిగల్లేదు.

దర్జీ ఆఫీసు ఫోను అడిగి తీసుకుని కొట్టుకి చేశాడు. "ఒరేయ్, కత్తెర కింద పెట్టు. నేను వస్తున్నాను," అన్నాడు. అవతల బావమరిది, "హమ్మయ్య, బతికించావు బావా," అన్నాడు. వాడికీ నలభై ప్యాంట్లూ కలలోకి వస్తున్నాయట. ఆ మాట విన్నాక దర్జీకి వాడి మీద మొదటిసారి జాలేసింది.

ఇక మిగిలింది విడుదల కాగితం. రోగి సంతకం చోట దర్జీ సంతకం చేశాడు. దాని పక్కనే, రోగిని పరీక్షించినవారి సంతకం అని ఇంకో గడి ఉంది. స్కేలమ్మ ఆ గంట నుంచీ సెలవులో ఉంది. పైవారి లెక్క ప్రకారం పరీక్షించినవాడు అతనే. డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ కలం అందించాడు. దర్జీ అక్కడా సంతకం చేశాడు, ఈసారి కొంచెం పక్కకి వాల్చి. దాని కింద వృత్తి రాయమని ఉంది. తప్పు రాస్తే కాగితం తిరిగొస్తుందని గుమాస్తా హెచ్చరించాడు.

దర్జీ కాసేపు ఆలోచించి 'కొలతలు తీయుట' అని రాశాడు, అందులో ఒక్క అంగుళం కూడా అబద్ధం లేదు.